మహారాజుగారి శ్రుతి, పెట్టెక్క సాక్ష్యం

నాటకం ఆడేవాళ్ళను వీధిలో పదిమంది గుర్తుపడతారు. వాళ్ళ వెనుక కూర్చుని ఆ నాటకాన్ని నిలబెట్టేవాళ్ళను మాత్రం కూరల దుకాణం దగ్గర వరుసలోంచి మోచేత్తో పక్కకు నెడతారు. ఈ అన్యాయం మీద పెట్టెక్కకు ఫిర్యాదు లేదు. దాని గురించి ఆలోచించే తీరిక ఆమెకు ఎన్నడూ దొరకలేదు. ఆమె హార్మోనియం వాయిస్తుంది. ఆ నాటక సమాజంలో హార్మోనియాన్ని అందరూ పెట్టె అంటారు కనుక, పెట్టె వాయించే అక్క పెట్టెక్క అయింది. అసలు పేరు భర్తకు గుర్తుంది గానీ ఆయన కూడా దాన్ని పెద్దగా వాడడు.

రంగస్థలానికి ఎడమ పక్క, తెర తాళ్ళు కట్టే కొయ్యను ఆనుకుని, నేలకన్నా కిందికి దిగిన ఒక ఇరుకు చోటుంది. దాన్ని గూడు అంటారు. పెట్టె, డోలక్, మంచినీళ్ళ కూజా, ఒక చిన్న దీపం అక్కడ సర్దుకున్నాక, మిగిలిన జాగాలో పెట్టెక్క, ఆమె మరిది సర్దుకోవాలి. మరిది డోలక్ వాయిస్తాడు. దానికి విరామం ఇచ్చినప్పుడు నోరు వాయిస్తాడు.

పెట్టెక్క పనితనం తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. ఒకసారి మంత్రి వేషధారి సభ మధ్యలో మాట మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆమె వెంటనే ఒక దిగులు రాగం అందుకుని, అతనికి మాట గుర్తొచ్చేదాకా సాగదీసింది. జనం అది విషాద ఘట్టమనుకుని కళ్ళు తుడుచుకున్నారు. మరుసటి ప్రదర్శనలో ఆ మంత్రి మాట మరిచిపోకపోతే, "మొన్నటంత బాగా లేదే" అన్నారు.

సమాజానికి పెద్ద దిక్కు మహారాజు. పగలు ఆయన గాజు పలకల దుకాణంలో అద్దాలు కోస్తాడు. సాయంత్రం ఏ రాజ్యం ఖాళీగా ఉంటే ఆ రాజ్యాన్ని ఏలుతాడు. అరవై దాటినా నడుం వంగలేదు, మాట వంగలేదు. ఆయన గర్వమంతా శ్రుతి మీద. పాటగాడు ఏ ఎత్తున పాడుతున్నాడో చెప్పే కొలత శ్రుతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెక్కాలి. మగవాళ్ళు చాలామంది ఒకటి, ఒకటిన్నర దగ్గర హాయిగా కాలక్షేపం చేస్తారు. మహారాజుది నాలుగు.

"నాలుగేగా చెల్లెమ్మా?" అని ప్రతి ప్రదర్శనకూ ముందు గూటిలోకి తొంగిచూసి అడుగుతాడు.

"నాలుగే అన్నయ్యా!" అంటుంది పెట్టెక్క.

"నాలుగు దిగిన రోజున ఈ రంగు కడిగేసుకుని ఇంట్లో కూర్చుంటా. మళ్ళీ ఈ మెట్లెక్కను." ఈ శపథాన్ని ఆయన ఎంతమంది ముందు చేశాడంటే, కొత్తగా చేరినవాళ్ళకు నాటకంలో మాటలకన్నా ముందు అదే కంఠస్థమయ్యేది.

నిజం మరోలా ఉంది. మహారాజు నాలుగు దిగి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే, ఆ ఇద్దరూ గూట్లో ఉన్నారు. ఓడరేవు దగ్గరి ఊళ్ళో ప్రదర్శన రోజున ఆయనకు గొంతు పట్టేసింది. పెట్టెక్క ఎవరికీ చెప్పకుండా పెట్టె మీద ఒక మెట్టు దించి మూడు నొక్కింది. మనిషి గొంతులో అంకెలు చెక్కి ఉండవు, పెట్టె ఏ స్వరం ఇస్తే గొంతు దాన్నే పట్టుకుంటుంది. పైగా మెట్లు గూట్లో ఉంటాయి, మహారాజు వెలుగులో ఉంటాడు. జనం ఆ పాటను మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. ఆయన చెమటలు కక్కుతూ దిగొచ్చి, "చూశావా చెల్లెమ్మా, జలుబులో కూడా నాలుగు!" అన్నాడు. ఆ ముఖం చూశాక తిరిగి నాలుగుకు ఎక్కించే ధైర్యం ఆమెకు లేకపోయింది. దించడానికైతే కాలం తానే సాకులిచ్చింది. ఇప్పుడు ఆయన నాలుగు అసలు రెండున్నర. డోలక్‌ను దానికి తగ్గట్టు బిగించే మరిది ఈ నేరంలో భాగస్వామి.

ఈ ఏర్పాటు ఎవరికీ నష్టం లేకుండా సాగింది కనుక, అది తప్పేనన్న ఆలోచన పెట్టెక్కకు రాలేదు. నష్టపోయే మనిషి ఇంకా గుమ్మంలోకి రాలేదంతే.

కొత్త నాటకానికి కొత్త దర్శకుడు వచ్చాడు. అందరూ మాస్టారు అంటారు. మంచివాడే గానీ, ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఇద్దరికీ తలూపుతాడు. చెరసాలలో పడిన రాజు పాడే పెద్ద పాటకు పెట్టె వద్దని, ఒక్క వేణువు చాలని ఆయన నిర్ణయించాడు. శ్రుతి ఎంతని అడిగితే మహారాజే స్వయంగా నాలుగని చెప్పాడు. ఆ సమయానికి పెట్టెక్క పెట్టె గాలితిత్తికి పడిన చిల్లు అతికించుకోవడానికి తోలుపనివాడి దగ్గరికి వెళ్ళింది. లేకపోతే ఈ కథ ఇంకోలా నడిచేది.

వేణువు వాయించడానికి వచ్చినది ఇరవై ఏళ్ళ పిల్ల. బస్టాండు వెనుక చిన్న గదిలో ఆమె తండ్రి వేణువులు చేస్తాడు. ఎర్రగా కాల్చిన ఊచతో వెదురుకు ఒక్కొక్క రంధ్రం పెడుతూ, ప్రతిదాన్నీ ఊది చూసుకుంటాడు. పాఠశాలలూ బ్యాండు మేళాలూ అన్నీ ఆయన దగ్గరే కొంటాయి. ఆ పిల్ల సంచీలోంచి నాలుగు శ్రుతి వేణువు తీసి మొదటి స్వరం ఊదింది. గూట్లో ఉన్న పెట్టెక్క తిత్తి మీద చెయ్యి ఆపేసింది.

"వదినా," అన్నాడు మరిది గొంతు తగ్గించి, "ఇది అచ్చంగా నాలుగు. కొంప మునిగింది."

మహారాజు వేణువు ఇచ్చిన స్వరాన్ని పట్టుకుని పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణంలో మెడనరాలు తేలాయి. రెండో చరణంలో కళ్ళు తేలాయి. పై స్వరం దగ్గర గొంతు కోడిపుంజులా ఒక్క కూత కూసి ఆగిపోయింది. చెరసాల కాపలాదారు వేషం వేసేవాడు ఫక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు.

"ఏంటమ్మా ఇది?" మహారాజు ముఖం కందగడ్డలా అయింది. "ఇది నాలుగా? ఐదు దాటిపోయింది!"

"నాలుగేనండీ. మా నాన్న చేసింది. శ్రుతి తప్పదు."

"నా నాలుగు నాకు తెలీదా? నువ్వు పుట్టక ముందు నుంచి పాడుతున్నా! చెల్లెమ్మా, పైకి రా. నాలుగు వాయించు. ఈ పిల్ల కూడా వింటుంది."

పెట్టెక్కకు ఆలోచించుకునే వ్యవధి లేదు. అందరి కళ్ళూ గూటివైపు తిరిగాయి. వేళ్ళు అలవాటు చొప్పున రెండున్నర మీద వాలాయి. "ఇదే అన్నయ్యా," అంది. వేణువు పలికింది ఒకటి, పెట్టె పలికింది ఒకటి. అందరికీ స్పష్టంగా వినిపించింది. ఇన్నేళ్ళ పెట్టె అబద్ధమాడుతుందని ఎవరు అనుకుంటారు? మాస్టారు ఇద్దరికీ తలూపి, చివరికి మహారాజువైపు ఒకసారి ఎక్కువ ఊపాడు. ఇంకో వేణువు మనిషిని చూడాలన్నాడు.

అబద్ధపు సాక్ష్యంలోని ప్రమాదమే అది. శిక్ష సాక్షికి పడదు, పక్కన నిలబడ్డ నిజాయితీపరుడికి పడుతుంది.

పిల్ల సంచీ భుజాన వేసుకుని, వెళ్ళే ముందు గూటి దగ్గర ఆగింది.

"పిన్నీ, మీరు వాయించింది రెండున్నర."

పెట్టెక్క పెట్టె మూత వేసింది.

"నన్ను తీసేస్తే తీసేశారు. కానీ మా నాన్న వేణువు తప్పు పలికిందని రేపు ఊరంతా అనుకుంటుంది. ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క పేరే." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. "మీకు తెలిసీ అన్నారు చూడండి, అదే నాకు అర్థం కావట్లేదు."

ఆ సాయంత్రం ఇంట్లో పెట్టెక్క అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. భర్త బజారులో కాటాలు, తక్కెడలు బాగుచేస్తాడు. ఒళ్ళో ఒక తక్కెడ పెట్టుకుని ముల్లు సరిచేస్తూ అడిగాడు.

"ఏమైంది? తిత్తి మళ్ళీ ఊడిందా?"

"నా నోరే ఊడింది."

"నేను చెప్తా అన్నయ్యా," అన్నాడు మరిది ముద్ద మింగి. "వదిన ఇవాళ దొంగసాక్ష్యం చెప్పింది. నేను పక్కనే కూర్చుని డోలక్ గోక్కున్నా. ఇద్దరం లోపలికే."

కథంతా విని భర్త తక్కెడ పక్కన పెట్టాడు. "ఆ వేణువులాయన నాకు తెలుసు. పలకని వేణువుని పొయ్యిలో పెడతాడు గానీ అమ్మడు."

"నిజం చెప్తే మహారాజన్నయ్య నాటకం మానేస్తాడు. అంతమంది ముందు ఒట్టేశాడు. పాట లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడు?"

"మానేస్తే అది ఆయన ఇష్టంతో మానేసినట్టు. ఆ పిల్ల ఇష్టంతో పోలేదుగా."

"నీకేం, కూర్చుని చెప్పడం తేలిక."

"తేలికే. అందుకే నేను చెప్తున్నా. కష్టమైంది నువ్వు చెయ్యి. ముందు అన్నం తిను, చల్లారిపోతోంది."

తర్వాతి రోజు సాధన మొదలయ్యే వేళకు గూడు ఖాళీగా ఉంది. పెట్టెక్క తన పెట్టెను మరిది చేత మోయించి రంగస్థలం నడిమధ్యకు తెచ్చింది. కార్డుబోర్డు సింహాసనం ముందు దించి, దాని వెనుక కూర్చుంది. మహారాజు కళ్ళు చికిలించాడు.

"ఏంటి చెల్లెమ్మా, నా రాజ్యం ఆక్రమించావు?"

"ఇలా రా అన్నయ్యా. ఈ మెట్టు చూడు. ఇది నాలుగు." నొక్కి పట్టుకుంది. నిన్నటి వేణువు పలికిన స్వరమే హాలు నిండా నిలిచింది. "ఇదేమో రెండున్నర. నిన్న నేను నాలుగని వాయించింది ఇదే. చాలా ఏళ్ళుగా నువ్వు పాడుతున్నదీ ఇదే. ఆ పిల్ల తప్పు లేదు. వేణువు తప్పూ లేదు. నాదే."

మహారాజు వంగి మెట్లు వేలితో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత మాస్టారును పిలిచి లెక్కపెట్టించాడు. ఎవరు లెక్కపెట్టినా మెట్లు మారలేదు. ఆయన వేషాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

అందరూ ఆ తలుపు ముందు చేరారు.

"వెళ్ళిపోండి!" లోపలినుంచి గర్జన. "నాలుగు దిగితే రంగు కడుక్కుంటా అన్నాను. కడుక్కుంటున్నా!"

"ఇంకా రంగు వేసుకోలేదుగా మహారాజా," అన్నాడు మరిది. "ఏం కడుక్కుంటున్నారు?"

"నోర్ముయ్! నువ్వూ దొంగవే! నన్ను ఇన్నేళ్ళు పిచ్చివాణ్ణి చేసి ఆడించారు ఇద్దరూ!"

"పిచ్చివాణ్ణి చెయ్యలేదు అన్నయ్యా," అంది పెట్టెక్క. "నిన్ను పోగొట్టుకుంటామని భయపడ్డా. చెప్పాల్సింది, చెప్పలేదు. తిట్టు. కానీ తలుపు తీసి తిట్టు, ఇక్కడ సగం వినిపించట్లేదు."

ఈసారి గర్జన కాని ఒక గొంతు వచ్చింది.

"మొదటిసారి ఎప్పుడు దించావు?"

"ఓడరేవు ఊళ్ళో. నీకు జలుబు చేసినప్పుడు."

"జనం వదలకుండా పాడించుకున్నారు... ఆ రోజా?"

"ఆ రోజే."

"అది నాలుగు కాదా?"

"మూడు."

"నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు," అన్నాడు మహారాజు తలుపు అవతల నుంచి, తనలో తాను అనుకుంటున్నట్టు.

"అవును అన్నయ్యా. నాలుగులో పాడేటప్పుడు నువ్వు పై స్వరం కోసమే బతికేవాడివి. ఆ రోజు మొదటిసారి మాటలు వినిపించాయి. వెనకాల కూర్చున్న నేను కూడా ఏడ్చా."

గడియ తీసిన చప్పుడైంది. ఆయన బయటికొచ్చి, ఎవరినీ చూడకుండా చెప్పులు తొడుక్కున్నాడు. "పదండి. అందరూ. ఆ తలూపే మాస్టారు కూడా."

బస్టాండు వెనుక వీధిలో ఆ ఊరేగింపును చూసి జనం పక్కకు తప్పుకున్నారు. ముందు మహారాజు, వెనుక మంత్రి, సేనాపతి, కాపలాదారు, చేతిలో సగం కుట్టిన అంగీతో వేషాలు కుట్టే అమ్మ. వేణువుల గది గుమ్మంలో పిల్ల నిలబడి వీళ్ళను చూసింది. ఇంత సైన్యాన్ని చూసి కూడా వెనక్కి తగ్గలేదు.

"మళ్ళీ రమ్మని అడగడానికైతే నేను రాను. నిన్న నన్ను అందరి ముందు అన్నారు."

"అందుకే అందరినీ తెచ్చాను తల్లీ," అన్నాడు మహారాజు. వేదిక మీద వెనక వరుసకు వినిపించే గొంతుతో అన్నాడు కనుక బస్టాండుకు కూడా వినిపించింది. "మీ నాన్నగారి వేణువు నాలుగే. నేనే నాలుగు కాదు. నిన్న నేనన్నది తప్పు, ఒప్పుకుంటున్నా."

లోపల ఊచ కాలుస్తున్న తండ్రి తలెత్తాడు. ఆయనకు పొగడ్తలూ క్షమాపణలూ పెద్దగా తెలియవు. గోడకు వేలాడుతున్న వేణువుల్లోంచి ఒకటి తీసి కూతురికి అందించాడు. "రెండున్నర. గొంతుకి ఇది సరిపోతుంది," అన్నాడు.

"ఎలా తెలిసింది?" అన్నాడు మహారాజు.

"ఇప్పుడు అరిచారుగా."

కాపలాదారు ఈసారి నవ్వును దగ్గుగా మార్చుకోలేదు. పిల్ల పెదవి కొరుక్కుంది, చివరికి తానూ నవ్వేసింది. మహారాజు మాత్రం నవ్వలేదు. తిరిగి వచ్చే దారిలో పెట్టెక్క పక్కన నడుస్తూ తీర్పు వినిపించాడు.

"నిన్ను నేను ఊరికే వదలను చెల్లెమ్మా. ఇకమీదట నువ్వు గూట్లో కూర్చోవడానికి వీల్లేదు."

ఆమె నడక ఆగింది. "మరి?"

"నా కళ్ళ ముందు కూర్చోవాలి. వెలుగులో. ఏ మెట్టు నొక్కుతున్నావో నేను చూడాలి. ఇంకో అంకె దించాలంటే నన్ను అడిగి దించాలి. నీ మరిది కూడా. వాణ్ణి అస్సలు నమ్మను."

మాస్టారు దీన్ని తన ఆలోచనగా మార్చుకోవడానికి వీధి చివరిదాకా కూడా ఆగలేదు. రాజుకు ఆస్థాన వాద్యబృందం ఉండాలని తనకు మొదటి నుంచీ అనిపిస్తోందన్నాడు. వేషాలు కుట్టే అమ్మ మాత్రం అక్కడికక్కడే పెట్టెక్క భుజాల కొలత తీసుకుని, "ఇన్నాళ్ళూ చీకట్లో పాత చీరలతో సరిపెట్టావు. ఇక నీ సంగతి నేను చూస్తా," అంది.

ప్రదర్శన రోజున పెట్టెక్క ముదురు ఎరుపు చీరలో, జడలో పూసల దండతో, సింహాసనానికి కుడి పక్కన కూర్చుంది. మూడో వరుసలో ఉన్న భర్త ఆమెను వెంటనే గుర్తుపట్టలేదు. పక్కవాణ్ణి "ఎవరండీ ఆ పెట్టె వాయించే ఆవిడ?" అని అడిగాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

శిక్ష విధించిన మహారాజు గానీ, అనుభవించబోతున్న పెట్టెక్క గానీ ఊహించని చిక్కు ఒకటి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె నాటకాన్ని విన్నది తప్ప చూడలేదు. ఎవరు ఎక్కడ ఊపిరి పీలుస్తారో తెలుసు గానీ, ఆ మాట అనేటప్పుడు ముఖం ఎలా పెడతారో తెలియదు. కాపలాదారు తాళంచెవి పోగొట్టుకుని తన టోపీలోనే వెతుక్కునే ఘట్టం వచ్చింది. అక్కడ జనం నవ్వుతారని ఆమెకు తెలుసు. ఎందుకు నవ్వుతారో ఆ రోజే తెలిసింది. వాడి కనుబొమలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. పెట్టెక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఉంది. మహారాజు సభ పాట ఎత్తుకోవలసిన చోటు వచ్చి వెళ్ళిపోయింది. పెట్టె మూగగా ఉంది.

"వదినా!" మరిది డోలక్ మీద ఒక్క దెబ్బ వేశాడు. "పాట! పాట!"

ఆమె ఉలిక్కిపడి మహారాజువైపు చూసింది. జనమూ చూశారు. మహారాజు ఏమాత్రం తొణక్కుండా చేయెత్తి, "మా ఆస్థాన విద్వాంసురాలు నవ్వుకుంటోంది. రాజైనా ఆగవలసిందే," అన్నాడు. హాలు హోరెత్తింది. ఆమె ఎర్రబడిన ముఖంతో రెండున్నర నొక్కింది. ఆయన ఆ మెట్టు మీద ఆమె వేలును చూసి, తల పంకించి, పాడాడు.

తర్వాత చెరసాల పాట వచ్చింది. వేణువు పిల్ల ఒక్కతే వాయించింది. ఆయన గొంతు ఎక్కడా పెనుగులాడలేదు. వెనక వరుసలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు వేదికదాకా వినిపించింది.

తెర దిగాక మహారాజు సింహాసనం మీదే కూర్చుని బిగుతుగా ఉన్న బూట్లు లాగి పారేశాడు. అందరూ అక్కడే ఉన్నారు.

"చెల్లెమ్మా, సభ పాట చివరి చరణంలో కొంచెం లాగిందనిపించింది. రేపు రెండు పెట్టి చూద్దామా?"

పెట్టెక్క ఆయన ముఖంలోకి చూసింది. అక్కడ సిగ్గు లేదు, బూట్లు విప్పిన హాయి ఉంది.

"చూద్దాం అన్నయ్యా. నీకు నచ్చకపోతే మళ్ళీ ఎక్కిద్దాం."

"మీకేం, మీరు ఎక్కిస్తారు, దించుతారు," అన్నాడు మరిది సుత్తి అందుకుంటూ. "ఈ డోలక్ బిగించేది నేను కదా!"

వేణువు పిల్ల సంచీ బోర్లించి రెండు శ్రుతిది వెతుకుతోంది. దొరికింది. ఊదింది. మహారాజు వట్టికాళ్ళు నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ స్వరంలో కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు.